పైకప్పు మీద పదిహేడేళ్లు

2014లో మా శనివారాలన్నీ ఇళ్లు చూడటానికే పోయేవి. అమెరికాలో సన్నీవేల్ అనే ఊళ్లో రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మా ఇద్దరి ఆఫీసులూ అక్కడే, అమ్మాయి బడీ అక్కడే. కానీ ఆ ఊళ్లో ఇల్లు కొందామని నేనంటే అక్కడి ధరలు తలుచుకుని మా ఆయన నవ్వేవాడు. అందుకని కొండ దాటి అవతల ట్రేసీ అనే ఊళ్లో వెతికేవాళ్లం. నాకా వెతుకులాటే పెద్ద పండగ. ఎవరివో వంటింటి సొరుగులు లాగి చూడటం, అల్మరాల్లో దూరి నా చీరలు ఎక్కడ పట్టిస్తానో ఊహించుకోవడం, ఇంత హాయైన పని ఇంకోటి ఉందా? పెళ్లై ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ గోడకి ఒక్క మేకు కొట్టి ఎరగను. మేకు కొడితే డిపాజిట్ తిరిగివ్వరని మా ఆయన భయం. మా పెళ్లి ఫొటో ఫ్రేము కట్టించి మరీ తెచ్చుకున్నది, అప్పటికి తొమ్మిదేళ్లుగా మంచం కింద అట్టపెట్టెలో పడుకుని ఉంది.

ఇళ్ల వేటలో మనవాళ్లదొక పద్ధతి. ముందు గుమ్మం ఎటు చూస్తోందో తేలాలి, ఆ తర్వాతే లోపలికి అడుగు. అమెరికన్ ఏజెంట్లకి కూడా ఇది తెలిసిపోయి, మన మొహాలు చూడగానే ‘ఈస్ట్ ఫేసింగ్’ అని వాళ్లే మొదలుపెట్టేవారు. మా ఆయన గుమ్మంలో నిటారుగా నిలబడి, ఫోన్‌లో దిక్సూచి తెరిచి, ఊపిరి బిగబట్టి చూసేవాడు. పోనీ వాస్తు నమ్ముతాడా అంటే నమ్మడు. నమ్మకం కోసం కాదు, రీసేల్ కోసం అనేవాడు. రేపు మనం అమ్మేటప్పుడు కొనేవాళ్లు కూడా మనవాళ్లే అయితే వాళ్లు అడుగుతారట. ఆ ఎవరో అడుగుతారని ఎన్ని మంచి ఇళ్లు వదిలేశామో.

మార్చి నెలలో, ఉగాది ఇంకో వారం ఉందనగా, ఆ ఇల్లు చూశాం. ఊరి చివర, ఎదురుగా బాదం తోట. పూత రాలిపోయి లేతాకులు వేస్తోంది. వెనక పెరట్లో కాయలతో వంగిపోయిన నిమ్మచెట్టు. వంటింట్లో గట్టు ఎంత పొడుగంటే, మా అమ్మాయి దాని మీదెక్కి పడుకుని కాళ్లు చాపుకుంది. నేను గదిగదికీ తిరుగుతూ మనసులో సామాను సర్దేస్తున్నాను. ఇదే, ఇదే మా ఇల్లు అనుకున్నాను.

బయట గుమ్మంలో మా ఆయన ఫోన్ పట్టుకుని తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆగ్నేయం చూపిస్తోందట. అది చాలదన్నట్టు పైకప్పు మీద సోలార్ ప్యానెల్స్ ఉన్నాయి, అవి ఇంటివాళ్లవి కావు. ఒక కంపెనీ తన ప్యానెల్స్ బిగించి, ఇరవై ఏళ్లపాటు నెలనెలా అద్దె కట్టేలా ఒప్పందం రాయించుకుంది. మూడేళ్లు గడిచాయి, పదిహేడు మిగిలాయి. ఇల్లు కొన్నవాళ్లు ఆ పదిహేడేళ్లనీ నెత్తికెత్తుకోవాల్సిందే. ఇది వినగానే చాలామంది వెనక్కి వెళ్లిపోయారనీ, అందుకే ఈ ఇల్లు మాకు అందే ధరలో ఉందనీ మా ఏజెంటు చెప్పాడు. వారమంతా సాఫ్ట్‌వేర్, వారాంతం ఇళ్ల అమ్మకం, ఆయనది వరంగల్.

“చూడు చెల్లె, ఆ ముసలోళ్లు కొడుకు దగ్గరికి పోతున్నరు. సోమవారం లోపల ఏదో ఒకటి చెప్పాలె. లేకపోతే వేరేటోళ్లకి ఇచ్చేస్తరు,” అన్నాడు నాతో.

తిరుగు దారిలో కొండ మీద గాలిమరలు గిరగిర తిరుగుతున్నాయి, నా కోపం కూడా అంతే. కారులో ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం అరవడం కంటే ప్రమాదమని మా ఆయనకి తెలుసు. రేడియో పెట్టబోయి మానేశాడు.

ఇంటికొచ్చి నేరుగా బాల్కనీలోకి పోయాను. పొద్దున వెళ్లేముందు సగ్గుబియ్యం వడియాలు పెట్టి వెళ్లాను. వాటి పక్కనే వెనక బ్లాకులో ఉండే తెలుగావిడ పళ్లెం కూడా ఉంది. వాళ్ల బాల్కనీ ఉత్తరానికి, వడియాలు పెడితే బూజు పడతాయి తప్ప ఎండవు. మాది దక్షిణం. ఇక్కడి సూర్యుడు మన ఊళ్లో లాగా నడినెత్తికి రాడు, దక్షిణం పక్కనే ఒదిగి నడుస్తాడు. ఈ దేశంలో వడియాలు పెట్టిన ఏ ఆడదాన్నడిగినా ఈ సంగతి చెబుతుంది. పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వడియాలకే దక్షిణం ఎండ కావాలంటే, ఎండ మీద బతికే ఆ ప్యానెల్స్‌ని ఎటు పెడతారు? అవి గుమ్మంలో నిలబడి వీధిలోకి చూస్తే కుడిచేతి వైపున్నాయి. కుడిచెయ్యి దక్షిణమైతే మొహం తూర్పే కదా!

పరుగున లోపలికెళ్లి ఆయన ఫోన్ లాక్కొచ్చాను. మా దక్షిణపు బాల్కనీని అది నైరుతి అంది. అప్పుడు కనిపించింది నాకు ఆ తోలు కవరు. దీపావళికి ఆయన ముచ్చటపడి కొనుక్కున్నది, మూత టక్కున అతుక్కునేలా దానికి చిన్న అయస్కాంతం. కవరు ఊడదీసి ఫోన్‌ని రెండు మూడుసార్లు తిప్పాను. ఈసారి బుద్ధిగా దక్షిణమంది. మాస్టర్స్ చదివిన ఇంజినీరు, దిక్సూచికి అయస్కాంతం తగిలించి దీపావళి నుంచీ ఊళ్లోని ఇళ్లన్నిటికీ దిక్కులు మార్చేశాడు! నేను నవ్వు ఆపుకోలేక అక్కడే నేల మీద కూలబడ్డాను. మా ఆయన కవరుని అటూ ఇటూ తిప్పి చూసి, చెవులదాకా ఎర్రబడ్డాడు.

అయినా పట్టు వదల్లేదు. కొందరు ప్యానెల్స్ పడమటి వాలుకి కూడా పెడతారన్నాడు. సరే రేపు తెల్లారేసరికి అక్కడ ఉందాం, సూర్యుడికి కవరు లేదుగా అన్నాను. దానికి ఒప్పుకున్నాడు కానీ మొహంలో సంతోషం లేదు. అన్నాలు తింటుండగా అసలు మాట బయటపడింది.

“తూర్పే అనుకో. ఆ లీజ్ సంగతేంటి? మన వీసా మూడేళ్లకోసారి రెన్యూ అవ్వాలి. పదిహేడేళ్లకి సంతకం ఎలా పెట్టను?”

ముప్పై ఏళ్ల ఇంటి లోనుకి లేని భయం దీనికెందుకని అడిగాను. ఇల్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్ముకుని వెళ్లొచ్చు, ఈ ప్యానెల్స్ ఉంటే కొనేవాడు దొరకాలి కదా, ఇప్పుడు వాళ్లు పడుతున్న అవస్థే రేపు మనకీ అన్నాడు. ఆ మాటతో నా ఒళ్లు మండిపోయింది. తూర్పు గుమ్మం అమ్మకం కోసం, ప్యానెల్స్ వద్దనేది అమ్మకం కోసం, గోడకి మేకు వద్దనేది కూడా ఖాళీ చేసి వెళ్లేటప్పటి కోసమే.

“నువ్వు ఇల్లు కొనడానికి చూస్తున్నావా, అమ్మడానికి చూస్తున్నావా?” అన్నాను.

ఆయన గిన్నె దగ్గరికి లాక్కుని పెరుగన్నం కలుపుకున్నాడు. మా అమ్మాయి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. నాకు కోపం పోయి జాలేసింది. పాపం, ఈ దేశంలో దిగిన రోజు నుంచీ ఆయన పెట్టె సగం సర్దుకునే ఉన్నాడు.

మర్నాడు చీకటి ఉండగానే బయల్దేరాం. నాకు పెళ్లిచూపులకి వెళ్తున్నంత హడావిడి. ఫ్లాస్కులో కాఫీ పోశాను, అమ్మాయిని దుప్పటితో సహా ఎత్తుకెళ్లి వెనక సీట్లో పడుకోబెట్టాను. ఏజెంటు ముందే ఆ ఇంటివాళ్లకి ఫోన్ చేసి చెప్పాడు. మేం వెళ్లేసరికి వీధంతా నిద్రలో ఉంది. బాదం తోట వెనక ఆకాశం ఎరుపెక్కుతోంది. నేను గుమ్మానికి వీపు ఆనించి నిలబడ్డాను. మార్చి చివరి సూర్యుడు సరిగ్గా తూర్పునే పుడతాడని మా ఆయనే దారిలో చెప్పాడు. పుట్టాడు. ఎదురుగా, చెట్ల మధ్య నుంచి, నా ముక్కుకి సూటిగా. కాళ్ల కింద కాంక్రీటు బంగారం రంగుకి మారింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి, ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

తలుపు తీసుకుని ఆ ఇంటి పెద్దావిడ కాఫీ కప్పుతో బయటికొచ్చింది. ఎవరొచ్చినా ఆ ప్యానెల్స్‌ని వదిలించుకోవడం ఎలాగనే అడుగుతున్నారని, కొండకివతల వేసవి మండిపోతుందని, అవి వచ్చాకే తాము కరెంటు బిల్లుకి వెనకాడకుండా ఏసీ వేసుకుంటున్నామని చెప్పింది. మేం వచ్చింది సూర్యుణ్ణి చూడటానికని చెబితే ఆవిడకి ఏం అర్థమైందో గానీ, నవ్వి లోపలికెళ్లి ఇంకో రెండు కప్పులు తెచ్చింది.

ఆ సందడికి మా అమ్మాయి దుప్పటి కప్పుకుని కారు దిగి వచ్చింది. రాత్రి మా మాటలన్నీ బుర్రలో పెట్టుకున్నట్టుంది, వచ్చి వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుంది.

“నాన్నా, సెవెంటీన్ ఇయర్స్ తర్వాత నాకు ట్వెంటీ ఫోర్ వస్తుంది. అప్పుడు కూడా మనం ఇక్కడే ఉంటామా?”

ఆయన తలెత్తి ప్యానెల్స్ వంక చూశాడు. ఎండ అప్పుడే వాటి అంచులకి తగులుతోంది. జేబులో ఫోన్ ఉంది గానీ బయటికి తియ్యలేదు.

“ఉందాం,” అన్నాడు.

కొందాం అనలేదు, ఉందాం అన్నాడు. ఆ మాట అమ్మాయితో అన్నాడో నాతో అన్నాడో తెలీదు. నాకైతే అక్కడే వీధిలో గంతులెయ్యాలనిపించింది. ఆ పెద్దావిడ ఉందని ఊరుకున్నాను.

సంతకాల రోజున ఆ సోలార్ కంపెనీ వాళ్లు మమ్మల్ని అడగాల్సినవన్నీ అడిగారు. మీ వీసా ఎన్నేళ్లని మాత్రం ఎవరూ అడగలేదు. పదిహేడేళ్లపాటు మేం ఆ కప్పు కిందే ఉంటామన్నట్టే మాట్లాడారు. అలా మాట్లాడినవాళ్లు ఈ దేశంలో మాకు వాళ్లే మొదలు.

గృహప్రవేశం రోజు పాలు పొంగాక, వచ్చినవాళ్లంతా భోజనాలకి కూర్చోకముందే, నేను అట్టపెట్టె లోంచి పెళ్లి ఫొటో తీసి హాల్లోకి తెచ్చాను. సుత్తి కోసం చూస్తే అది అప్పటికే మా ఆయన చేతిలో ఉంది. ఇంత పొడుగు మేకు, ఠంగు ఠంగుమని కొడుతూనే ఉన్నాడు. అంత లోపలికి దిగితే రేపు ఊడి రాదన్నాను.

“రాకపోతే రాకపోనీ,” అని ఇంకో దెబ్బ వేశాడు.