ఏమీ కానివాడికి జామీను

పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి ఉడికించిన పొట్టిక్కల మీంచి ఆవిరి లేచేటప్పుడు ఆ ఆకు వాసన వస్తుంది, కాస్త పచ్చిగా, కాస్త తియ్యగా. మొన్న పి.గన్నవరం వెళ్తూ దారిలో టిఫినుకి ఆగితే, ఆ వాసనకి సత్యవతి మామ్మగారు వచ్చి నా ఎదుట కూర్చున్నట్టయింది. అమలాపురం కోర్టులో నేను కొత్తగా వకీలునైన రోజుల్లో ఆవిడ ఇంట్లోనే మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. ఆదివారం పొద్దున్నే కిందనుంచి, “అమ్మాయ్, పొట్టిక్కలు చల్లారిపోతున్నాయి. నీ చట్టాలెక్కడికీ పోవులే, రా!” అని కేకవేసేవారు. భర్త పోయారు, పిల్లలు లేరు. పి.గన్నవరం దగ్గరున్న చిన్న కొబ్బరితోటే ఆవిడకు ఆధారం.

అలాంటి ఒక ఆదివారమే ఆవిడకు నూకరాజు సంగతి చెప్పాను. అతనిది ఓడలరేవు. పడవల మీద కూలికి వెళ్ళేవాడు. రొయ్యల చెరువు దగ్గర మోటారు పోయిందని చెరువు యజమాని అతని మీద ఫిర్యాదు చేస్తే పోలీసులు అతన్ని పట్టుకెళ్ళారు. బెయిలు అడిగాను, కోర్టు ఇచ్చింది. అయితే వాయిదాలకు అతను తప్పక వస్తాడని, భూమి ఉన్నవాళ్ళెవరైనా పూచీపడి జామీను సంతకం చేయాలి. ఆ యజమానికి భయపడి ఊళ్ళో ఒక్కరూ ముందుకు రాలేదు. నెల దాటినా మనిషి సబ్‌జైల్లోనే ఉన్నాడు. ఇంటి దగ్గర భార్యకు నెలలు నిండుతున్నాయి.

“బెయిలిచ్చేరన్నావు కదా, మరింకా లోపలెందుకున్నాడు?” అన్నారు మామ్మగారు.

“చుట్టాల్లో భూమి ఉన్నవాళ్ళెవరూ లేరండీ.”

“అయితే దొంగతనానిక్కాదు, చుట్టాలకి భూమి లేనందుకు లోపలున్నాడన్నమాట.”

ఆవిడ చట్నీ గిన్నె కింద పెట్టారు. తర్వాత, “ఓసారి చూపించు ఆ అబ్బాయిని” అన్నారు.

సబ్‌జైల్లో ఊచల అవతల నూకరాజు తల వంచుకుని నిలబడ్డాడు. దొంగతనం చేశావా అని ఆవిడ అడుగుతారేమోనని నాకు బెరుగ్గా ఉంది. ఆవిడ అడిగింది వేరు.

“మీ ఆవిడకెన్నో నెల, నాయనా?”

“తొమ్మిదోదండి.”

“పిలిచినప్పుడల్లా కోర్టుకొస్తావా?”

“ఆయ్, వస్తానండి.”

బయటికొచ్చాక ఉండబట్టలేక, “మోటారు సంగతి అడగలేదేం?” అన్నాను. “అది జడ్జీగారు చూసుకుంటారమ్మా. పిలిస్తే వస్తాడా రాడా అన్నదే కదా నేను చూసుకోవలసింది!” అన్నారు. చట్టం చదువుకున్న నేను కూడా ఆ రెంటినీ అంత తేటగా విడదీసి చూడలేదు.

కోర్టులో మేజిస్ట్రేటుగారు ఆవిడ తోట కాగితాలు చూసి, “ఇతను మీకేమవుతాడమ్మా?” అని అడిగారు.

“ఏమీ అవ్వడండీ.”

“మరి జామీను ఎందుకుంటున్నారు?”

“అయినవాళ్ళెవరూ రాలేకపోయేరు కదండీ, అందుకని.”

ఆయన కళ్ళజోడు తీసి ఆవిడవైపు ఒకసారి చూసి, సంతకం చేశారు. సాయంత్రానికి నూకరాజు ఇంటికి చేరాడు. ఆ వారంలోనే అతనికి కూతురు పుట్టింది.

మొదటి రెండు వాయిదాలకూ చెప్పినట్టే వచ్చాడు. మూడోదానికి రాలేదు. వారెంటు వేశారు. అతను దొరక్కపోతే జామీను సొమ్ముకోసం తోట మీదికి వస్తారు. మామ్మగారి మరిది ఆ సాయంత్రమే వచ్చి, “ముక్కూ మొహం తెలీనివాడి కోసం అన్నయ్య తోట పోగొడతావా వదినా?” అని కేకలేసి వెళ్ళాడు. ఆవిడ ఆ పూట అన్నం సరిగా తినలేదు. తెల్లవారగానే నన్ను వెంటబెట్టుకుని ఓడలరేవు బస్సెక్కారు.

నూకరాజు ఇంటి వెనక వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. నేను నోరు తెరిచేలోగా మామ్మగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. పక్కనే బోర్లించిన పడవ మీద కూర్చుని, అతని భార్యనడిగి పాపను ఒళ్ళో పెట్టుకున్నారు.

“భయమేసిందా?” అన్నారు పాపను చూస్తూనే.

“ఆయ్.” అతను చేతిలోని వల కింద పెట్టాడు. “ఈసారి వెళ్తే మళ్ళీ లోపలేసేస్తారని చెరువోళ్ళ మనుషులు చెప్పేరండి.”

“నాకూ భయమేసిందిరా. అయినా బస్సెక్కి వచ్చేను. నువ్వూ ఎక్కు.”

చొక్కా మార్చుకుని వచ్చాడు. బస్సులో ఆవిడ పక్కనే కూర్చున్నాడు. దారంతా ఆవిడ పాపకి పేరు పెట్టేరా, పాలు సరిపోతున్నాయా అంటూ మాట్లాడుతూనే ఉన్నారు. కోర్టులో ఉన్నది ఉన్నట్టు చెప్పి వారెంటు రద్దు చేయించాను. ఆ తర్వాత అతను ఒక్క వాయిదా కూడా తప్పలేదు. చివరికి సాక్ష్యం నిలవక కేసు కొట్టేశారు. తీర్పు విన్నాక కోర్టు మెట్ల మీద అతను ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టబోతే, “లేవరా, లేటైతే బస్సుండదు” అని కసిరారు. కళ్ళు మాత్రం కొంగుతో ఒత్తుకున్నారు.

ఆ తర్వాత మరికొందరికి కూడా ఆవిడ జామీను నిలిచారు. కోర్టు గుమస్తాలు ‘జామీను మామ్మగారొచ్చేరు’ అని కుర్చీ వేసేవారు. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది.

వకీళ్ళు తమ కక్షిదారుకు తామే జామీను ఉండకూడదు. ఆవిడ చేసింది నేను చేయలేను. కానీ ప్రతి వాయిదాకి ముందురోజు కక్షిదారుకి ఫోన్ చేసినప్పుడు, “రేపు వస్తావా?” అని అడగడం మానేశాను. “భయంగా ఉందా?” అని అడుగుతాను. చాలామంది లేదంటారు. కొందరు ఏమీ మాట్లాడరు. వాళ్ళతో, “పొద్దున్నే బస్టాండులో ఉంటాను, కలిసి వెళ్దాం” అంటాను.