ట మీద గుడి

మన్యం నుంచి తెప్పించిన కస్తూరి పసుపు కొమ్ములు నేనూ అక్కా ఎండబెట్టి, పొడి పట్టించి, ప్యాకెట్లు కట్టాం. అది ఒంటికి రాసుకునే పసుపు. తిండిలో పడితే చేదు విషం. తొలి సరుకు వన్ టౌన్ కొట్లో వేసి ఇంటికొచ్చాక, మిగిలిన ప్యాకెట్ చూసి అక్క కెవ్వుమంది. ‘వంటికి పసుపు’ కాస్తా ‘వంటకి పసుపు’ అయింది. ట మీద గుడి లేదు.

లేబుళ్ళు అచ్చేసిన ప్రెస్సువాణ్ణి దారంతా తిడుతూ ఆటోలో వెళ్ళాం. కొట్టాయన ఫోనెత్తడు, ట్రాఫిక్ కదలదు.

“ఒక్కటే పోయిందమ్మా. పులిహోరకని పక్క గుడి పంతులుగారు పట్టుకెళ్ళారు,” అన్నాడాయన, మేం కొట్లో అడుగుపెట్టగానే.

పరుగెత్తాం. బాణలిలో పోపు చిటపటలాడుతోంది. పంతులుగారు ప్యాకెట్ మూల కత్తిరించేశారు.

“ఆగండి పంతులుగారూ! అది వంటకి కాదు, వంటికి!” అని అరిచాను.

“అదేనమ్మా, వంటకే,” అంటూ ఆయన ప్యాకెట్ వంచారు. అక్క ఒక్క ఉదుటున లాగేసుకుంది.

బయటికొచ్చి ప్రెస్సువాడికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. అతను నేను లేబుల్ కోసం రాసిచ్చిన కాగితం ఫోటో తీసి పంపాడు. అందులోనూ గుడి లేదు. చేతిరాత నాదే.