నూనె రాసుకోకుండా ఉప్పు మడిలో దిగాను

నా మీమ్ పేజీకి పేరుంది గానీ ముఖం లేదు. నవలల్లో, ఆడియో సీరియళ్లలో వచ్చే కథానాయికల మీద జోకులు వేయడమే దాని పని. జ్వరంలోనూ చెదరని జడ, బస్సు వెనక పరుగెత్తినా నలగని చీర, అలాంటివి. నలుగురిలో నోరు విప్పలేని నేను అక్కడ మాత్రం బాగా వాగుతాను. పోయిన నెల ఒక ఆడియో సీరియల్‌లోని మందాకినిని పట్టుకున్నాను. ఉప్పు మడిలో పనికి దిగే ముందు ఆమె పాదాలకు నూనె పట్టించుకుంటుంది. ‘ఇది ఉప్పు మడా, బ్యూటీ పార్లరా?’ అని పెట్టాను. ఎప్పుడూ లేనన్ని నవ్వులు వచ్చాయి. వాటి మధ్యలో నౌపడ నుంచి పార్వతి అనే ఆమె రాసింది: ‘నేనూ రాసుకుంటాను. ఓసారొచ్చి నూనె నేకుండా దిగి సూడు.’ క్షమాపణ టైప్ చేసి చెరిపేశాను. అది ఎదురుగా చెప్పాల్సిన మాట అనిపించింది. వస్తున్నానని రాశాను.

విజయనగరంలో అయిదున్నర దాటాక పాసింజర్ ఎక్కాను. టికెట్ యాభై రూపాయల లోపే. చీపురుపల్లి వచ్చేసరికి బాగా తెల్లవారింది. ఎనిమిది దాటాక నౌపడలో దిగితే, మడుల దాకా ఆటోకు నూట ఇరవై అన్నాడు. బేరమాడడం నాకు రాదు, ఎక్కేశాను.

“ఉప్పు కొనడానికేటమ్మా?” అన్నాడు డ్రైవర్.

“కాదండీ, ఒకామెకు సారీ చెప్పాలి.”

“దానికి రైలెక్కి వొచ్చీసినావా? ఫోన్ నేదేటి?”

గట్టు మీద ఒక ఫోన్‌లో మందాకిని కథ వినిపిస్తోంది. తలకు గుడ్డ చుట్టుకున్న నలుగురు ఆడవాళ్లు చెక్క పారలతో ఉప్పు లాగుతున్నారు. పార్వతి ఎవరని అడిగితే ఒకామె తలెత్తింది, ముప్పై అయిదేళ్లుంటాయి. “ఆ జోకు వేసింది నేనే” అన్నాను. నాలుగు పారలూ ఆగాయి.

“ఈ గుంటేనేటే ఆ జోకేసింది?” అంది పార్వతి పిన్ని సూరమ్మ. “నోట్లో నాలుక నేనట్టున్నాది!”

“దిగుతావా మరి?” అంది పార్వతి.

చెప్పులు విప్పాను. కొత్త చెప్పులు ఒరుసుకుని మడమ దగ్గర అప్పటికే తోలు లేచింది. నాలుగో అడుగుకు ఆ గాయంలో కారం కూరినట్టయింది. పార్వతి నన్ను గట్టు మీదికి లాగి, మంచినీళ్లతో కాలు కడిగి, సీసాలోంచి నూనె తీసి తనే రాసింది. “పగుళ్లలోకి ఉప్పునీరు దిగకుండా ఇది. అందానికి కాదే తల్లీ.”

“తప్పు నాది. ఆ పోస్ట్ తీసేస్తాను.”

“తియ్యకు. నేనూ ముందు నవ్వినాను, తర్వాతే కోపమొచ్చింది. కింద నిజం రాయి, సాలు. అయినా ఆ మందాకిని మీద అసలు జోకు నీకు దొరకనేదు. నువ్వు సెప్పు పిన్నీ.”

సూరమ్మ పారకు ఆనుకుంది. “తెల్లారగట్ల మడిలో దిగిన పిల్ల, పదింటికి బావ కోసం ఏరు దాటి పాట పాడతాదట! పదింటికి మాకు నడుం నేవదు. బావొచ్చినా, మావొచ్చినా, సెంబుడు నీళ్లు తెమ్మంటాం!”

పొట్ట పట్టుకుని నవ్వాను. పేజీలో పెట్టనా, మీ పేర్లు వేయనా అని అడిగాను.

“ఎయ్యి,” అంది పార్వతి. “నీ పేరూ ఎయ్యి. మా పేర్లు బయటెట్టి నువ్వు దాక్కుంటావేటి?”

ఆ గట్టు మీదే కూర్చుని పాత పోస్ట్ కింద నూనె సంగతి రాశాను, సూరమ్మ జోకు కింద మూడు పేర్లూ వేసి పోస్ట్ చేశాను. మూడోది నాది.

కథల్లోని ఆడవాళ్ల మీద నవ్వడం నేను మానను. కానీ ఆ రచయిత ఒక్కచోట నిజం రాస్తే సరిగ్గా అక్కడే నవ్వాను, ఏరు దాటి పాడిన పాటను మాత్రం నమ్మేశాను. నవ్వే హక్కు నాకుంది. ఎక్కడ నవ్వాలో మాత్రం పని చేసేవాళ్లను అడగాలి. ఇక మీదట నా పేరు పెట్టే అడుగుతాను.

వెళ్లాలనుకునేవాళ్లు ఎండలు కాసే నెలల్లో, తొమ్మిదిలోపే మడుల దగ్గరుండండి. పదిన్నర దాటితే అక్కడ ఉప్పు కుప్పలే మిగులుతాయి. వాటికి మీ మీద జోకులు వేయడం రాదు.