నల్లకారు మీద సాలెగూడు

ఆ వీధిలో కార్లు కడిగే షెడ్డు ఒక్కటే. దాని యజమానీ, మేస్త్రీ, కూలీ కూడా ఒక్క మనిషే. ఆవిడని అందరూ బకెట్లక్క అంటారు. ఎప్పుడు చూసినా ఆవిడ ముందు రెండు బకెట్లుంటాయి. ఒకదాంట్లో కారు షాంపూ నురగ, రెండోదాంట్లో ఉత్త నీళ్ళు. గుడ్డని నురగలో ముంచి కారు మీద కొంతమేర తుడుస్తుంది, ఉత్త నీళ్ళలో జాడిస్తుంది, అప్పుడే మళ్ళీ నురగలో పెడుతుంది. "ఒక బకెట్టు చాలదా అక్కా?" అన్నవాడి పని అయిపోయినట్టే.

"కారు మీది ఇసక బకెట్లోకి దించి, ఆ ఇసకతోనే మళ్ళీ కారుని తోమమంటావా? నీ మొహం కూడా అలాగే కడుక్కుంటావా నాయనా?" అని నాలుగిళ్ళకి వినబడేలా అడుగుతుంది.

గొప్పలు చెప్పుకోవడానికి ఆవిడకి మొహమాటం లేదు. "ఈ చేతి కింద ఇంతవరకూ ఒక్క గీత పడలేదు. పడిన రోజున షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి మురిక్కాలవలో పారేస్తాను" అనేది. వీధివాళ్ళు దానికి తమ వంతు జోడించారు. ఆవిడ కడిగిన కారు మీద వాలబోయిన ఈగ ఒకటి, తన నీడ తనకే ఎదురయ్యేసరికి, అక్కడ ఇంకో ఈగ ముందే కూర్చుందనుకుని మర్యాదగా పక్కకి తప్పుకుందట. ఇది అబద్ధమనుకునేవాళ్ళు ఆ ఈగనే అడిగి తెలుసుకోవచ్చు.

షెడ్డుకి ఎదురుగా ఉన్న మేడలో, మూడో అంతస్తులో ఆవిడ కాపురం. భర్త ఒక హోటలుకి కారు తిప్పుతాడు. కారు సొంతం. నలుపు. అద్దంలా మెరిసే కొత్త నలుపు. ఇంట్లో మూడో మనిషి మామగారు. ఆయన ఉద్యోగకాలమంతా ఒక పాత భవనంలో లిఫ్టు నడిపారు. దాని ఇత్తడి తలుపులని రోజూ పొడిగుడ్డతో రుద్ది రుద్ది, లోపలికొచ్చేవాళ్ళు జుట్టు సవరించుకునేంతగా మెరిపించేవారు. భార్య పోయాక కిటికీ దగ్గర కుర్చీలో కూలబడ్డారు. "మామయ్యా, కాసేపు కిందకి వెళ్ళి రండి" అంటే, "కింద నాకేముందమ్మాయ్?" అనేవారు. అన్నం ముందు పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు.

నల్లకారు వచ్చిన కొత్తలో, ఒక పొద్దున్న మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినబడింది. బకెట్లక్క వంటింట్లోంచి పరుగున వచ్చి కిటికీలోంచి తొంగిచూసింది. మామగారు కారు చుట్టూ తిరుగుతున్నారు. మర్నాడూ దిగారు. ఆ మర్నాడూ దిగారు. ఆకలి వేస్తోందని నోరు విడిచి అడిగారు కూడా. ఆవిడకి ఏనుగెక్కినంత సంతోషమైంది. ఆ సంతోషంలో ఆయన కిందకి దిగి ఏం చేస్తున్నారో చూడాలని తోచలేదు.

ఒకరోజు మధ్యాహ్నం భర్త మండిపడుతూ వచ్చాడు. పెళ్ళాన్ని ఎండలో నిలబెట్టి బానెట్టు చూపించాడు. సూర్యుడి బింబం చుట్టూ సన్నసన్నటి గీతలు, గుండ్రంగా, సాలెగూడు అల్లినట్టు.

"హోటల్లో సూపర్వైజరు దీపాల కింద చూసి, ఈ కారుని గుమ్మం ముందు పెట్టొద్దు, వెనక్కి తీసుకెళ్ళమన్నాడు. ఊళ్ళోవాళ్ళ కార్లన్నీ తళతళలాడతాయి, సొంత మొగుడి కారుకి మాత్రం ఇదా పనితనం?"

ఆవిడ వంగి గీతల మీద వేలు రాసి చూసింది. ఆ కారుని కడిగేది తనే. నీడన పెట్టి, ఇంజను వేడి చల్లారాక, ముందు పైపుతో దుమ్మంతా దానంతటదే జారిపోయేలా నీళ్ళు కొట్టి, పైనించి కిందకి, తిన్నగా తుడుస్తుంది. గుండ్రంగా రుద్దే అలవాటు తన చేతికి లేదు. మరి ఈ గూడు అల్లిందెవరు?

మర్నాడు పొద్దున్న కిటికీ చాటున నిలబడి చూసింది. మామగారు జేబులోంచి పాత బనీను తీశారు. మడత పెట్టారు. రాత్రంతా పడిన దుమ్ము మీద, చుక్క నీళ్ళైనా లేకుండా, ఇత్తడి తలుపుని తోమినట్టు గుండ్రంగా, ప్రేమగా రుద్దుతున్నారు. మధ్యలో ఆగి, వెనక్కి తగ్గి చూసుకుని, తృప్తిగా తలూపుతున్నారు. ఆ తలూపడం చూశాక ఆవిడ కిటికీ రెక్క మెల్లగా దగ్గరకి వేసింది.

మొగుడికి చెప్తే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. అతను మంచివాడే గాని కోపం వస్తే నోరు జారుతుంది. ఒక్క మాట జారితే చాలు, ముసలాయన మళ్ళీ కుర్చీ ఎక్కుతారు. ఈసారి ఎక్కితే ఇక దిగరు.

ఆ రోజు ముగ్గురూ భోజనానికి కూర్చున్నప్పుడు ఆవిడ తలెత్తకుండా చెప్పింది. "ఏమండీ, ఆ గీతలు నా వల్లే పడ్డాయి. కింద పడిన గుడ్డ జాడించకుండా వాడాను."

భర్త ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. తన తప్పు ఒప్పుకున్న పెళ్ళాన్ని అతను చూడటం అదే మొదలు. మామగారు మాత్రం కంచంలోంచి చెయ్యి తీసేశారు.

"అబద్ధం! మా కోడలి చేతిలో గీత పడటమేమిటి? ఎవరో పోకిరీ వెధవ చేసుంటాడు. వాణ్ణి నేను పట్టుకుంటాను చూడండి."

సంగతి వీధిలోకి పాకింది. "ఏమక్కా, తాళం కొన్నావా? లేకపోతే నా దగ్గరొకటుంది, ఇవ్వనా?" అన్నాడు పక్క కొట్టు టైలరు. అంతమందిలో బకెట్లక్క పళ్ళు బిగించుకుని ఊరుకుంది. ఆ మౌనం చూసి, ఆవిడకి జ్వరమేమోనని టైలరు భార్య మందుబిళ్ళ తెచ్చిచ్చింది.

మామగారి చేత ఆ పని మాన్పించడానికి ఆవిడ పడని పాట్లు లేవు. బనీను దాచింది. ఆయన తువ్వాలు తీసుకెళ్ళారు. కారుకి ముసుగు తొడిగింది. ఆయన ముసుగు తీసి, చక్కగా మడిచి పక్కన పెట్టి, కారంతా రుద్ది, మళ్ళీ తొడిగారు.

చివరికి భర్త పాలిష్ పనివాణ్ణి పిలిపించి గీతలు తీయించాడు. "పై పూతని కాస్త అరగదీస్తేనే గీత పోయేది. మాటిమాటికీ చేస్తే పూతే మిగలదు" అని చెప్పి వెళ్ళాడతను.

మర్నాడే మామగారు కుర్చీ కిందకి దించుకుని కాపలాకి కూర్చున్నారు. పోకిరీ రాలేదు. దుమ్ము మాత్రం వచ్చి వాలింది. దాన్ని చూస్తూ ఎంతసేపని ఊరుకుంటారు? లేచి బనీను తీశారు.

షెడ్డులోంచి పైపు లాక్కుంటూ వస్తున్న బకెట్లక్క ఉన్నచోటే ఆగిపోయింది. పొద్దుటి ఎండ బానెట్టు మీద ఏటవాలుగా పడుతోంది. మామగారి చెయ్యి ఒక చుట్టు తిరిగింది. ఆగింది. ఆయన వంగి చూశారు. కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు. పక్కనే అరచేతంత మేర రుద్దారు. మళ్ళీ చూశారు. తరవాత బనీను వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

"దొంగ దొరికాడమ్మాయ్" అన్నారు, తల తిప్పకుండానే. "నీకు ముందే తెలుసు కదూ?"

ఆవిడ పైపు కింద పెట్టింది.

"వీధంతా నవ్వుతుంటే నోరు మూసుకున్నావా? నువ్వా?"

"చచ్చేంత కష్టమైంది మామయ్యా."

ఆయన నవ్వలేదు. బనీను జేబులో కుక్కుకుని, కుర్చీ ఎత్తి చంకన పెట్టుకున్నారు. "రేపట్నుంచి నేను దిగనులే. ఉన్నవి పాడు చెయ్యడానికి ఇన్ని మెట్లు దిగడం దేనికి?"

ఓదార్చడం బకెట్లక్కకి ఎప్పుడూ చేతకాలేదు. చేతనైంది చేసింది.

"పాడు చేసి పైకెక్కి కూర్చుంటారా? బాగానే ఉంది! మరి ఇది కడిగేదెవరు? నేనా? నా చేతులు అరిగిపోవా? ఆ కుర్చీ అక్కడ పెట్టండి. పెట్టమన్నానా! పైపు పట్టుకోండి."

లిఫ్టు ఎక్కిన దొరలంతా కలిసినా ఆయన్ని అలా గదమాయించి ఉండరు. ఆయన కుర్చీ పెట్టి పైపు పట్టుకున్నారు.

"గుడ్డ ముట్టుకోకండి! ముందు నీళ్ళు. దుమ్ము దానంతటది జారిపోవాలి. తొందరెందుకు, మీకేమైనా రైలుందా?"

అరుపులు విని భర్త మెట్లు దిగి వచ్చాడు. "ఏమిటే అది? నాన్నని పట్టుకుని ఆ కేకలేమిటి?"

"నువ్వు ఊరుకోరా" అన్నారు మామగారు, నీళ్ళ ధార మీంచి చూపు తిప్పకుండా. "గీతలు నావి. పొడిగుడ్డతో నేనే రుద్దాను. ఈ పిల్ల నీతో అబద్ధమాడింది."

కొడుకు బానెట్టు వైపు చూశాడు. మోకాళ్ళదాకా తడిసిన తండ్రి పంట్లాం వైపు చూశాడు. పెళ్ళాం వైపు చూడబోయాడు గాని, ఆవిడ కళ్ళు ఉరుముతున్నాయి. నోటిదాకా వచ్చినదాన్ని మింగేశాడు.

"టైర్లు తుడిచే గుడ్డ వేరే ఉంటుంది నాన్నా. అది పైన వాడకు" అని మాత్రం అన్నాడు.

ఆ వారమే షెడ్డుకి తెల్లకారొకటి వచ్చింది. నురగ చేతులతో ఒంగి తలుపు తుడుస్తున్న పెద్దాయన్ని చూసి, కారాయన "ఎవరండీ తమరు? ఇదివరకు చూడలేదే" అన్నాడు.

"కొత్తగా చేరాను బాబూ" అన్నారాయన, గొంతు తగ్గించి. "పని బాగానే ఉంది. మేస్త్రీయే కాస్త..."

"మామయ్యా! ముచ్చట్లు తరవాత! ఆ తలుపు మీద నురగ ఆరిపోతోంది!"

"చూశారా?" అని కన్నుగీటి, ఆయన నీళ్ళ కోసం పరిగెత్తారు.