అద్దంలో పూలజడ

1974. పురసవాక్కంలో ఒక బట్టల కొట్టు మేడ మీద నా క్లినిక్. కింద చీరల బేరాలు, పైన మనసుల గోల. నేను సైకోఅనాలిసిస్ నేర్చుకున్నదాన్ని. అంటే, మనిషిని తోచిందల్లా చెప్పనిచ్చి, ఇప్పటి బాధకు చిన్నతనంలో మూలం వెతికే పద్ధతి. ఆ రోజుల్లో మా పుస్తకాలకు ఒక దురలవాటు ఉండేది. ఎక్కడ వెతికినా చివరికి తల్లే దొరికేది!

తొండియార్‌పేటలో పప్పుల టోకు వ్యాపారం చేసే తెలుగు కుటుంబం నుంచి ముగ్గురు వచ్చారు. తల్లి, మీసాలు మెలితిప్పిన పెద్దకొడుకు, ఇరవై దాటిన చిన్నబిడ్డ. ఫైల్లో మగపేరే రాయించారు. నాతో ఒంటరిగా కూర్చున్నప్పుడు మాత్రం ఆ చిన్నబిడ్డ, "నన్ను సరోజ అని పిలవండి డాక్టరమ్మా. ఊహ తెలిసిన కాణ్ణించి నేను ఆడదాన్నే" అంది. కళ్ళు దించుకోలేదు. నేను అలాగే పిలిచాను. జెండర్ ఐడెంటిటీ, అంటే తాను ఆడో మగో అని మనిషికి లోపల ఉండే ఎరుక. ఆ మాట అప్పటికి మాకూ కొత్తే.

అన్న కోరిక ఒకటే. పెళ్ళికి పనికొచ్చేలా తమ్ముణ్ణి సరిచేసి ఇవ్వాలి, లేకుంటే ఇంట్లో చోటు లేదు. పైగా ఇదంతా తల్లి పెంపకం వల్లేనని ఏ డాక్టరో అతని చెవిన వేశాడు. అప్పటినుంచి అతను తల్లితో మాట్లాడటం మానేశాడు.

ఇంకోసారి ముగ్గురూ కలిసి వచ్చినప్పుడు ఆ తల్లి సంచిలోంచి ఒక స్టూడియో ఫోటో తీసింది. పట్టుపావడా కట్టి, పూలజడతో నిలబడ్డ చిన్నప్పటి సరోజ. జడ కనిపించాలని వెనక నిలువుటద్దం. తిరుపతి మొక్కు కోసం జుట్టు పెంచి, గుండు చేయించే ముందు ఇలా ముస్తాబు చేసి ఫోటో తీయించడం మన ఇళ్ళలో మామూలే.

"ఈ పాపం నాదే డాక్టరమ్మా. ముచ్చటపడి జడేసినా. ఆడ్నే బిడ్డ మనసు తిరిగిపోయింది" అని భోరుమంది.

"చూసినారా? నేను చెప్పలా?" అన్నాడు పెద్దకొడుకు.

నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపే సరోజ లేచింది.

"అన్నా, ఈ పావడా ఎవరిది? ముందు నీకు కుట్టించిందే గదా! నీ ఫోటో ఈడికి ఎందుకు తేలా? అదే స్టూడియో, అదే అద్దం. నీది నాకంటే పొడుగు జడ! మరి నీకేమీ కాలేదే? అమ్మని ఎందుకు ఏడిపిస్తా ఉండావు?"

అతని చెయ్యి మీసం మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. తల్లి ఏడుపులోనే ఫక్కున నవ్వింది. "అవును గదరా! జడ విప్పద్దని ఎంత ఏడిచినావు నువ్వు!"

"కారణమేమిటో నాకు తెలీదు. అమ్మ మాత్రం కాదు" అన్నాను నేను. "మార్చే మందు నా దగ్గర లేదు. పెళ్ళి మాట మానెయ్యండి. ఇంట్లోనే ఉండనివ్వండి."

అతను ఆ ఫోటో తీసి తల్లి సంచిలో పెట్టాడు. "సరి, పెండ్లి మాట ఎత్తను. ఇంటికి పోదాం రా" అన్నాడు సరోజతో. మెట్ల దగ్గర తల్లి చెయ్యి పట్టుకుని, "మెల్లగా దిగు మా" అన్నాడు.

ఇంట్లో తన చోటే ఊడిపోయేలా ఉన్నప్పుడు కూడా ఆ పిల్ల మొదట తల్లిని ఆ నింద నుంచి విడిపించుకుంది. ఆ గుండెధైర్యానికి నేనిప్పటికీ దండం పెడతాను. ఆ తర్వాత ఇలాంటి బిడ్డను తీసుకుని ఏ తల్లి నా గుమ్మం ఎక్కినా, ఏమీ అడగకముందే చెప్పేదాన్ని: "తప్పు మీది కాదమ్మా. కూర్చోండి, మంచినీళ్ళు తాగండి."