కొట్టని తల్లి

నా కూతుర్ని నేను కొట్టను. మా వీధిలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. నిజమే చెబుతారు. ఆ నిజాన్ని తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. అబద్ధమైతే ఏనాడో బయటపడి పోయేదేమో. నిజం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, నా మీద నుంచి దిగనూ లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది తణుకు. మా ఆయనకి ఎరువుల కొట్టు. హారికకి ఏడాదిన్నర ఉన్నప్పుడు బాబు నెలలు నిండకుండా పుట్టాడు. వాడు బతుకుతాడో లేదో అన్న రోజుల్లో మా అత్తగారు వచ్చి హారికని మొగల్తూరు తీసుకుపోయారు. నెల రోజులకని తీసుకెళ్లారు. వాడు కోలుకునేసరికి ఏడాది దాటింది. అప్పటికే అది ఆవిణ్ణి అమ్మా అని పిలుస్తోంది. నన్ను 'తణుకమ్మ' అనేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఇవాళ కాదు, రేపు తెచ్చుకుందాం అనుకుంటూనే ఏళ్లు గడిపేశాను. ఎందుకు తెచ్చుకోలేదు? బాబుతోనే సరిపోయేదని అందరికీ చెప్పేదాన్ని. నాకు నేను ఏం చెప్పుకున్నానో ఇప్పుడు గుర్తు చేసుకోవాలని లేదు.

హారికకి తొమ్మిదో ఏట అత్తగారు పోయారు. పిల్ల మా ఇంటికొచ్చింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని "అమ్మ ఇలా వండదు" అనేది. నా పక్కన పడుకోమంటే గోడ వైపు తిరిగేది. నేను కొట్టేదాన్ని. చేతికి ఏది దొరికితే దానితో. ఎక్కువగా అట్లకాడతో. కొట్టాక అది ఏడ్చి ఏడ్చి, చివరికి నా చీర కొంగు పట్టుకునే నిద్రపోయేది. ఆ సంగతి మీరు గుర్తుంచుకోవాలి. కొట్టిన రోజుల్లో కూడా అది నా దగ్గరే నిద్రపోయేది.

పిక్కల మీద వాతలు బళ్లో టీచరు చూసింది. మమ్మల్ని పిలిపించారు. తల్లిదండ్రుల కోసం శనివారాలు క్లాసులు పెడుతున్నామని, తప్పకుండా రావాలని హెడ్మాస్టరు గారు మర్యాదగానే చెప్పారు. మా ఆయన తల దించుకుని కూర్చున్నారు. నాకు సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా కోపం వచ్చింది, దాని మీద. నన్ను పదిమందిలో దోషిని చేసిందని.

క్లాసులకి వెళ్లాను. రాజమండ్రి నుంచి సునీత గారని ఒకావిడ వచ్చి చెప్పేవారు. నెమ్మదైన మనిషి. కోపం వస్తే చెయ్యెత్తకుండా పక్క గదిలోకి వెళ్లండి అన్నారు. చిన్న చిన్న అల్లరిని పట్టించుకోకండి, పిల్ల సర్దుకోగానే దగ్గరకి తీసుకోండి అన్నారు. ఆ మాట చెప్పి మళ్లీ ఒకసారి మా అందరి వంకా చూసి, "పట్టించుకోవద్దన్నది అల్లరినండి, పిల్లని కాదు" అన్నారు.

నేను విన్నాను. చెవులారా విన్నాను. తర్వాత చేసిందంతా ఆ మాట వినే చేశాను.

ఆ నెలలోనే పాలకొల్లులో పెళ్లికెళ్లాం. భోజనాల దగ్గర ఎవరో పెద్దావిడ హారికని, "మీ అమ్మేదే?" అని అడిగింది. "పోయిందండి" అంది ఇది. నేను పక్క బంతిలోనే ఉన్నాను. నలుగురూ నా వైపు చూశారు. ఒకావిడ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇంటికొచ్చాక దెబ్బలు పడతాయని అది గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను కొట్టలేదు. ఏమీ అనలేదు. మర్నాడూ అనలేదు. జడలు వేశాను, యూనిఫాం ఇస్త్రీ చేశాను, కంచంలో దానికిష్టమైన వేపుడే వడ్డించాను. ఒక్క మాట లేదు. దాని కళ్లలోకి చూడలేదు. దాని ముందే బాబుతో కబుర్లు చెప్పాను, అంతకు ముందెన్నడూ లేనంత ముద్దుగా.

మొదట దానికి అర్థం కాలేదు. తప్పించుకున్నాననుకుంది. తర్వాత నా వెనకే తిరగడం మొదలుపెట్టింది. అడగకుండానే మంచినీళ్లు తెచ్చేది. గిన్నెలు తోమేది. లెక్కల్లో మంచి మార్కులొస్తే పేపరు తెచ్చి నా పక్కన పెట్టి నిలబడేది. అప్పుడే మొదటిసారి నన్ను "అమ్మా" అంది. తణుకమ్మ కాదు. ఉత్త అమ్మా. ఎన్నేళ్లుగానో ఆ పిలుపు కోసం చూశాను. విని, పలక్కుండా కూర గరిటె తిప్పుతూ ఉండిపోయాను. బాధతో కాదు. నాకది బాగుంది. ఇంతకాలం నేను దాని వెనక పడ్డాను, ఇప్పుడది నా వెనక పడుతోంది. అంత చిన్న లెక్క.

ఒక పొద్దున బాబుకి అట్లు పోస్తున్నాను. హారిక వంటింట్లోకి వచ్చింది. స్టాండుకి తగిలించిన రెండో అట్లకాడ తీసి రెండు చేతులతో నాకిచ్చింది.

"కొట్టెయ్యమ్మా" అంది. "కొట్టేసి మాట్లాడు."

 నేను అట్లకాడ అందుకున్నాను. నవ్వాను కూడా.

"మనింట్లో కొట్టడాలు లేవు తల్లీ. క్లాసులో వద్దని చెప్పారు కదా."

అని, దాంతోనే అట్టు తిరగేసి బాబు కంచంలో వేశాను. మళ్లీ మాట్లాడలేదు.

ఇది నేను చేసిన పని. ఇంకో రకంగా చెప్పడానికి చాలాసార్లు ప్రయత్నించాను. కుదరలేదు.

నాలుగు రోజులు పోయాక, నాకు బుద్ధి పుట్టినప్పుడు, "టిఫిన్ తిన్నావా?" అన్నాను. అది పరుగెత్తుకొచ్చి నా కాళ్లు వాటేసుకుంది. దెబ్బలు తిన్నప్పుడు కూడా అంత గట్టిగా ఏడవలేదు. ఆ ఏడుపు చూసి మారిన తల్లులుంటారు. నేను మాత్రం ఈ పని ఎంత బాగా పనిచేస్తుందో నేర్చుకున్నాను. మార్కులు తగ్గితే మౌనం. మొగల్తూరు మాటెత్తితే మౌనం. ఇల్లు ఇప్పుడెంత ప్రశాంతంగా ఉందో అని మా ఆయన మురిసిపోయేవారు.

బళ్లో వార్షికోత్సవం రోజు సునీత గారు మమ్మల్నిద్దర్నీ స్టేజీ మీదకి పిలిచారు. మైకు హారిక దగ్గర పెట్టి, మీ అమ్మ కొడుతుందా అని అడిగారు. "లేదండి" అంది. తిడుతుందా? "లేదండి. అసలేమీ అనదండి" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. సునీత గారి చెయ్యి మాత్రం దాని తల మీద కాసేపు అలాగే ఉండిపోయింది. ఆవిడ ఏమైనా అడిగితే బాగుండునని ఇప్పుడనుకుంటాను. అప్పుడు మాత్రం, అడక్కపోతే చాలనుకున్నాను. ఆ తర్వాత క్లాసులకి కొత్తగా వచ్చే తల్లులకి నన్నే చెప్పమన్నారు. ఇప్పటికీ చెబుతున్నాను.

హారికకి పన్నెండేళ్లు దాటాక ఒకసారి నేను దానితో మాట్లాడని రోజులు. దేనికో గుర్తు లేదు. రెండు పొద్దుల పాటు అది వంటింటి గుమ్మంలో నిలబడింది. పెదాలు కదిలాయి. నేను మిక్సీ వేశాను. మూడో రోజు పక్కింటి సత్యవతి పిన్ని వచ్చింది.

"ఏంటమ్మా, పిల్ల పెద్దమనిషైతే నీకు తెలీదా? పెరట్లో కుళాయి కింద పాతగుడ్డలు ఉతుక్కుంటోంది. చూడలేకపోయాను."

అప్పుడైనా నాకు ముందు జాలి కలగలేదు. నాకు చెప్పకుండా పక్కింటావిడకి తెలిసేలా చేసిందని మండిపోయింది. తర్వాత ఓణీల ఫంక్షను ఘనంగా చేశాం. ఫొటోల్లో దాని భుజం మీద చెయ్యి వేసి నేనే నవ్వుతున్నాను.

ఆ ఫంక్షను తర్వాత హారిక నన్ను మీరు అనడం మొదలుపెట్టింది. "మీరు తిన్నారా అండి?" "అలాగేనండి." తల్లిని అంత మర్యాదగా పిలిచే పిల్లని చూడలేదని చుట్టాలందరూ మెచ్చుకున్నారు. నేను మౌనంగా ఉన్నా ఇక అది నా వెనక తిరగలేదు. గిన్నెలు తోమి, చదువుకుని, పడుకునేది. నా ఆయుధం మొద్దుబారింది. నాకు భయం వేసింది. అప్పుడు నేనే మాట్లాడటం మొదలుపెట్టాను. చాలా మాట్లాడాను. అడిగినదానికి జవాబు చెప్పేది.

ఇప్పుడది రాజమండ్రిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. పోయిన నెల చూడ్డానికి వెళ్లాను. హాస్టల్ ముందు బెంచీ మీద కూర్చున్నాక, దారంతా కూడబలుక్కున్న మాట బయటికి తీశాను.

"హారికా, చిన్నప్పుడు నీతో మాట్లాడకుండా ఉండేదాన్ని చూడు. కావాలనే చేశానే. నువ్వు ఏడవాలని చేశాను."

అది నా వైపు చూసింది. కోపం లేదు. ఏమీ లేదు.

"అలాంటిదేం గుర్తు లేదండి. ఎండెక్కుతోంది. బస్సుకి బయల్దేరండి."

ఆటో పిలిచింది. నాతో బస్టాండు దాకా వచ్చి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, వాటర్ బాటిల్ కొనిచ్చింది. బస్సు కదిలేదాకా కింద నిలబడింది. ఒక్క లోపం చూపించలేను.

నిజంగా గుర్తు లేదా? ఉండి, నాకా కాస్త ఊరట కూడా ఇవ్వదలుచుకోలేదా? రావులపాలెం దాటేదాకా అదే ఆలోచన. ఏదైనా నాకు తగినదే. కానీ ఆ జరిగిన సంగతి ఈ లోకంలో నాకొక్కదానికే తెలిసి ఉండిపోవడం మాత్రం భరించలేకపోయాను. అందుకే మీకు చెప్పాను.

తెలియక చేసిందిలే అని దయతో అనబోతారేమో, అనకండి. తెలిసే చేశాను. అది ఏడుస్తుంటే నాకు బాగుండేది. ఈ మాట ఇంతవరకు నా నోటితో నేను అనలేదు. అన్నాను. ఇప్పుడు ఊపిరి కాస్త లోపలి దాకా వెళుతోంది.