యాకోబు గారు గీకించిన ఎర్ర కారు

అరసవల్లి వెళ్ళే రోడ్డులో కార్లకు రంగులు వేసే షెడ్డు ఒకటుంది. ఆటోలో దాని ముందు నుంచి పోతుంటే థిన్నర్ వాసన గుప్పుమంటుంది. మొన్న కూడా అంతే. ఆ వాసనకు అందరికీ తలనొప్పి వస్తుందేమో గాని, నాకు మాత్రం యాకోబు గారి మీద కోపం వస్తుంది. ఆయన పోయి ఆరేళ్ళయింది. పోయిన మనిషి మీద ఇంకా కోపమేమిటని మా ఆయన నవ్వుతాడు. తొమ్మిదేళ్ళు ఆయన కింద పనిచేసి ఉంటే ఆ నవ్వు రాదు.

యాకోబు గారు శ్రీకాకుళంలో మోటారు వాహనాల సర్వేయరు. దెబ్బతిన్న బండిని చూసి నష్టమెంతో తేల్చడం, ఒక బండి కాగితాల్లో ఉన్న బండేనా కాదా అని రాసివ్వడం ఆయన పని. నేను ఆటోమొబైల్ డిప్లొమా పట్టుకుని ఆయన దగ్గర చేరాను. ఆడపిల్ల కార్ల కింద దూరడమేమిటని తెలిసినవాళ్ళంతా నోరు నొక్కుకుంటే, ఆయన ఏమీ అనకుండా ఒక చాప కొని తెచ్చారు. "ఇది పరుసుకుని దూరమ్మా, బట్టలు పాడవ్వు" అన్నారు. అదొక్కటే ఆయన చూపిన ఆపేక్ష. మిగతాదంతా విసుగే. మరో సర్వేయరు గంటలో ముగించే పని మాకు మూడు రోజులు పట్టేది. పైగా నివేదిక ఇచ్చేదాకా బండి యజమాని ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోకూడదు. మే నెలలో సైతం అంతే.

అలాంటి ఒక మే నెలలోనే విజయనగరం నుంచి రమణమూర్తి గారు కబురు పెట్టారు. ఆయన బట్టల వ్యాపారి, యాభై దాటిన మనిషి. వాళ్ళ నాన్న కుర్రతనంలో ఇంగ్లండు నుంచి ఓడలో దిగిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నాడట. వ్యాపారం దెబ్బతిన్న ఏడాది దాన్ని అమ్మేసి, మళ్ళీ చచ్చేదాకా దాని ఊసెత్తలేదట. కొడుకు దాన్ని వెతికి వెతికి, చివరికి ఒడిశాలో ఒక బ్రోకరు దగ్గర తుక్కుగా ఉన్నప్పుడు కొని, నాలుగేళ్ళు బాగుచేయించాడు. పాత కార్లకు ఇచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్‌కీ బీమాకీ సర్వేయరు నివేదిక కావాలి. అయితే ఆయనకు కావలసింది అంతకన్నా ఎక్కువని కారు మీద చెయ్యి వేసిన తీరులోనే తెలిసిపోయింది. "ఆరేళ్ళప్పుడు మా నాన్న నన్ను ఈ పక్క సీట్లోనే కూర్చోబెట్టుకుని తిప్పేవోడండి" అన్నారు. ఎర్ర రంగులో మన ముఖం కనిపించేంత నిగనిగ.

నేను కిందికి దూరి, బండి బరువంతా మోసే ఇనప చట్రం మీద కొట్టి ఉన్న నంబరుపై కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాను. పాత ఆర్‌సీ పుస్తకంలో ఉన్నదీ ఇదీ ఒక్కటే. ఇంజను నంబరూ సరిపోయింది.

"ఏటమ్మా, ఎలగున్నాది?" అని పైనుంచి అడిగారు యాకోబు గారు.

"నంబరు సరిపోయింది సార్."

"నంబరు సంగతి కాదు. ఇనుమెలగున్నాదని అడిగేను."

నాలుగుసార్లు రుద్దించారు. నాలుగోసారికి నాకూ కనిపించింది. చుట్టూ ఇనుమంతా తుప్పు తిని గుంటలు పడి ఉంది. అంకెల అంచులు మాత్రం నిన్న కొట్టినట్టు పదునుగా ఉన్నాయి. "బాగుచేసినప్పుడు మళ్ళీ కొట్టి ఉంటారు సార్" అన్నాను, ఎలాగైనా ఇంటికి పోవాలన్న ఆశతో. ఆయన విననట్టే రమణమూర్తి గారి వైపు తిరిగి, "మీ నాన్నగారి రోజుల్లో ఈ బండి ఎవరు సూసుకునేవోరు బాబూ?" అని అడిగారు. పాతపట్నంలో అప్పన్న అనే మెకానిక్ ఉండేవాడని, ఇప్పుడు బతికున్నాడో లేదో తెలియదని జవాబు.

మర్నాడు పాతపట్నం బస్సులో ఉన్నాం. సీటు రేకు కాలిపోతోంది. సంతకం పెడితే అయిపోయే పనికి ఈ తిరుగుడేమిటని దారంతా లోలోపల తిట్టుకుంటూనే ఉన్నాను. అప్పన్న తాత బతికే ఉన్నాడు. చూపు మందగించింది గాని జ్ఞాపకం చెక్కుచెదరలేదు.

"ఆ ఎర్రబండేటి! నాను మరిసిపోతానేటి బాబూ? కల్వర్టుని గుద్దీసి ఎడం పక్క సట్టం ఇరగ్గొట్టీసినాడు ఆ సావుకారు. జానెడు ఇనపముక్క ఎట్టి నానే అతికినాను. పైకి బొడిపిలాగుంటాది. సెయ్యెడితే తెలిసిపోతాది."

"తరవాతెవరైనా ఆ అతుకు అరగదీసీగలరా?" అని అడిగారు యాకోబు గారు.

"పైన అరగదీసినా లోపలెక్కడికి పోద్ది? నేదు బాబూ, అది పోదు."

మూడో రోజు మళ్ళీ విజయనగరం. చట్రం ఎడమ పక్కన జానెడు మేర రంగు గీకి చూడాలని యాకోబు గారు చెప్పేసరికి రమణమూర్తి గారి మొహం కారు రంగుకొచ్చింది. "నాలుగేళ్ళ కష్టమండి! గీకమనడానికి మీకు నోరెలగొచ్చింది?" అని అరిచారు. నాకూ ఆయన అన్నదే న్యాయమనిపించింది. చివరికి ఆయనే థిన్నరు డబ్బా నా ముందు పడేసి గోడ వైపు తిరిగి నిలబడ్డారు. నేను చాప పరుచుకుని దూరి, గుడ్డతో తుడుస్తూ గీకాను. జానెడు గీకాక మూరెడు గీకాను. పైన, లోపల, రెండు పక్కలా ఇనుము ఎక్కడా విరిగిన జాడే లేదు. అతుకు లేదు.

రమణమూర్తి గారు వంగి, గీకినచోట తన చేత్తో తడిమి చూసుకున్నారు. తర్వాత చిన్న గొంతుతో, "ఒక్క ముక్క రాయండి సార్, ఇది మా నాన్న కారేనని. మీకేటి పోతాది?" అన్నారు.

"ఇంజను మీ నాన్నగారిదే బాబూ. ఆ అంకెలు పాతవే, అబద్ధం ఆడవు. అది గట్టిగా రాస్తాను. సట్టం మాత్రం ఆయనది కాదు."

"మరెవరిది?"

"నాకు తెలీదు. అదే రాస్తాను."

తిరిగొచ్చే బస్సులో నేను ఊరుకోలేకపోయాను. "ఆయన ఎవరికీ అమ్ముకోడు సార్, ఇంట్లో పెట్టుకుని చూసుకుంటాడు. మనకేం పోయింది? మనిషి మొహం చూశారా మీరు?" అని కడిగేశాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "సూసేనమ్మా. అందుకే అబద్ధం రాయనన్నాను" అన్నారు. ఆ మాటకు అర్థం అడిగితే కళ్ళు మూసుకున్నారు. ఆ సాయంత్రం నివేదికలో ఆయన చెప్పగా నేనే రాశాను: చట్రం ఎక్కడిదో తెలియలేదు, దాని మీది నంబరు ఈ మధ్య కొట్టినది. రమణమూర్తి గారు ఆ కాగితం పట్టుకుని, మమ్మల్ని తిట్టుకుంటూనే, వెళ్ళి బ్రోకరు మీద పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు.

ఏడు నెలల తర్వాత ఆయనే మా ఆఫీసుకొచ్చారు. ఆ చట్రం ఒడిశాలో ఎవరిదో షెడ్డులోంచి దొంగతనంగా పోయిన కారుది. పోలీసులు విజయనగరం దాకా వచ్చారు. అప్పటికే ఫిర్యాదు ఇచ్చి ఉన్నందువల్ల ఆయన్ను దొంగల లెక్కలో వేయలేదు. కారు మాత్రం అసలువాళ్ళకు పోయింది. ఇంజను ఆయన తండ్రి కారుదని నివేదికలో స్పష్టంగా ఉన్నందున కోర్టు దాన్ని విప్పించి ఆయనకు ఇచ్చింది. కొట్టు వెనక గదిలో బల్ల మీద పెట్టుకున్నారట. "మా నాన్నది అని అనుమానం లేకుండా చెప్పుకోడానికి నాకు మిగిలింది అదొక్కటే సార్" అంటూ కళ్ళు తుడుచుకున్నారు.

ఇప్పుడైనా యాకోబు గారు ఒక మంచి మాట అంటారని చూశాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "నూనె మార్చేరా దాన్లో? ఊరికే ఉంచీస్తే బిగిసి పట్టీస్తాది" అన్నారు.

ఇప్పుడు ఆ పని నేను చేస్తున్నాను. పోయిన నెల ఒక లారీ విషయంలో బీమా ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. నా నివేదికలో ఒక గడిలో "తెలియలేదు" అని రాశాను, దాన్ని మార్చి ఏదో ఒకటి రాసిమ్మని. మిగతా సర్వేయర్లు ఇలా ఇబ్బంది పెట్టరని, ఇలాగైతే ఇకముందు పని పంపడం కష్టమని కూడా చెప్పారు. నిజంగానే పంపడం లేదు. ఆ పూట కాగితం ముందు పెట్టుకుని, పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇంటి ఖర్చులు గుర్తొచ్చాయి, యాకోబు గారిని మనసులో గట్టిగానే తిట్టుకున్నాను. కాని ఆ గడిలో పెట్టడానికి నాకు ఇంకో మాట దొరకలేదు.